ముందు పాయ

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. క్లిప్పులమ్మకి మాత్రం మెడ పట్టీ మీద ఉండేది. ఆమె కట్టుకునే ఆప్రన్ మెడ పట్టీకి ఎప్పుడు చూసినా ఏడెనిమిది జుట్టు క్లిప్పులు కరుచుకుని వేలాడుతుండేవి. ఒళ్ళు మండిందంటే ఒక్కొక్కటే ఊడదీసి, వేళ్ళ మధ్య టక్ టక్‌మని నొక్కుతూ మాట్లాడేది. రెండో క్లిప్పుకి తెలిసినవాళ్ళు నోరు మూసుకునేవారు. మూడో క్లిప్పు దాకా కూర్చున్నవాడు మొండివాడైనా అయి ఉండాలి, చుట్టమైనా అయి ఉండాలి.

ఆ పేరు పెట్టింది ఆమె తోటికోడలు. ఆవిడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తుంది. ఇంటిల్లిపాదీ, కట్టుకున్న మొగుడితో సహా, ఆవిడని లెక్చరర్ గారనే అంటారు. క్లిప్పులమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, పదిమంది కూర్చున్న గదిలో ఎవరో అడిగారు, మీ మరిది భార్య ఏం చేస్తుందని. "ఏముంది, క్లిప్పులు పెడుతుంది," అంది లెక్చరర్. గదంతా నవ్వింది. క్లిప్పులమ్మ కూడా నవ్వింది, నవ్వకపోతే బావుండదని. తర్వాత టైలర్ కొట్టుకీ జిరాక్స్ కొట్టుకీ మధ్య ఒక ఇరుకు గది అద్దెకి తీసుకుని, బోర్డు రాసేవాణ్ణి పిలిచి, మూరెడు అక్షరాలతో 'క్లిప్పులమ్మ పార్లర్' అని రాయించింది. లెక్చరర్ కాలేజీకి వెళ్ళే దారి అదే. రోజుకి రెండుసార్లు ఆ బోర్డు చదువుకోవాల్సిందే.

ఆ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అన్నదమ్ములు మంచివాళ్ళే, మంచితనం ఎక్కువై మాట పెగలని రకం. అందరూ కలిసి భోజనానికి కూర్చుంటే లెక్చరర్ తన కుర్చీ కాస్త అటు జరుపుకునేది. "ఏమనుకోకమ్మాయ్, నీ చేతుల దగ్గర ఆ కుళ్ళిన గుడ్డు వాసన. గంధకం కదా, ఎంత కడిగినా పోదు," అనేది. ఆ మాట నిజమే. జుట్టు వంచే లోషన్ వాసన గోళ్ళలోకి దిగితే మూడు రోజులుంటుంది. నిజం కాబట్టే క్లిప్పులమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది. అబద్ధమైతే తిప్పికొట్టేది.

అంతకన్నా పెద్ద పుండు ఇంకోటి ఉంది. క్లిప్పులమ్మ పదో తరగతి సైన్సులో తప్పింది. మాంసకృత్తుల నిర్మాణం గురించి రాయమన్న ప్రశ్నకి తెల్లకాగితం ఇచ్చి వచ్చింది. ఈ సంగతి ఆమె మొగుడు అమాయకంగా వదినగారికి చెప్పేశాడు. ఇంకేం, వదినగారికి జీవితానికి సరిపడా సరుకు దొరికింది. టీవీలో ప్రోటీన్ షాంపూ ప్రకటన వచ్చినప్పుడల్లా, "అమ్మాయ్, ప్రోటీన్ అంటే ఏమిటో ఇప్పుడైనా తెలిసిందా?" అని అడిగేది. ఇరవై ఏళ్ళు అడిగింది. చెప్పొద్దూ, కొందరికి ఒక్క హాస్యం చాలు, బతుకంతా దాంతోనే గడిపేస్తారు.

ప్రోటీన్ అంటే తెలియక కాదు. క్లిప్పులమ్మకి అది పరీక్ష అయిపోయిన నాలుగేళ్ళకి తెలిసింది, పుస్తకంలోంచి కాదు. ఆమెకి పని నేర్పిన మాస్టరమ్మ బక్కపలచని మనిషి, మాటకి ముందు మొట్టికాయ వేసే రకం. ఒకరోజు బల్ల మీద క్లిప్పులు గుమ్మరించి, ఒకదానికి ఒకటి తగిలిస్తూ పొడుగాటి గొలుసు చేసింది. "ఇదే వెంట్రుక," అంది. "ఒక్కో క్లిప్పూ ఒక్కో అమైనో ఆమ్లం. మొత్తం ఇరవై రకాలుంటాయి. అవే ఇరవై, వరస మారిస్తే ఒకచోట గోరు, ఒకచోట కండ, ఒకచోట గుడ్డులో తెల్లసొన. ఒక క్లిప్పు తోక ఇంకో క్లిప్పు తలని పట్టుకుంటుంది. ఆ పట్టు గట్టిది, దాన్ని నువ్వు ముట్టుకోకూడదు. అది తెగితే జుట్టు తెగినట్టే."

తర్వాత ఇంకో గొలుసు చేసి మొదటిదాని పక్కన పెట్టింది. ఈ గొలుసులు మెలితిరిగి, పక్కపక్కన పడుకుని ఉంటాయనీ, వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచేవి రెండు రకాలనీ చెప్పింది. ఒకటి అల్పమైన పట్టు. తడిస్తే వదులుతుంది, ఆరితే మళ్ళీ పట్టుకుంటుంది. ఇస్త్రీ పెట్టెతో జుట్టు సాపు చేస్తే పనిచేసేది ఆ పట్టే. చినుకు పడిందంటే ఆ సాపంతా పోయి ఉంగరాలు తిరిగొస్తాయి. రెండోది గంధకం వంతెన. ఈ గొలుసులో ఒక గంధకం, ఆ గొలుసులో ఒక గంధకం, రెండూ చెయ్యీ చెయ్యీ కలిపి నిలబడతాయి. పుట్టుకతో వచ్చిన ఉంగరాలు ఉంగరాలుగా ఉండేది ఆ వంతెనల వల్లే. లోషన్ ఆ చేతుల్ని విడదీస్తుంది. జుట్టుని కావలసిన తీరులో పెట్టి రెండో మందు, పెరాక్సైడ్, రాస్తే చేతులు మళ్ళీ కలుస్తాయి.

"కాస్టిక్ క్రీము వేరు," అంది మాస్టరమ్మ గొంతు తగ్గించి. "అది చేతులు విడదీసి ఊరుకోదు. ఉన్న రెండు గంధకాల్లో ఒకదాన్ని ఎత్తుకుపోతుంది. జుట్టు సాపవుతుంది, నిజమే. కానీ ఆ మిగిలిన పట్టుని ఏ మందూ విప్పి మళ్ళీ కట్టలేదు. గొలుసు కూడా లోపల దెబ్బ తినుంటుంది. అలాంటి తల మీద లోషన్ పెట్టావో, ఉడికిన సేమ్యా లాగా చేతిలోకి వస్తుంది. ఒకే తల మీద రెండూ వద్దు. అనుమానం వస్తే ముందు ఒక పాయ మీద చూడు. పాయ ఎక్కణ్ణుంచి తీస్తావు?"

"ఎక్కణ్ణుంచి?"

మొట్టికాయ పడింది. "మెడ వెనకనుంచి. కింది వరసలోంచి. పోయినా ఎవరికీ కనిపించకూడదు. మనం పరీక్షించేది జుట్టుని, మనిషిని కాదు."

ఆ మాట క్లిప్పులమ్మ తన కొట్లో పనికి చేరిన ప్రతి పిల్లకీ చెప్పింది. అందరికన్నా ముందు నేర్చుకున్నది మాత్రం లెక్చరర్ కూతురు. తల్లి సాయంత్రం దాకా కాలేజీలో ఉండేది కాబట్టి స్కూలు వదిలాక పిల్ల పిన్ని కొట్లోనే బెంచీ మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. క్లిప్పులమ్మకి పిల్లలు లేరు. ఉన్న ప్రేమంతా ఈ పిల్ల నెత్తిన పోసింది. అక్షరాలా నెత్తినే, ఎందుకంటే ఆ పిల్లకి చిక్కటి, బిగువైన ఉంగరాల జుట్టు, తండ్రి తరఫునుంచి వచ్చిందని తల్లి అనేది. వారానికి ఒకసారి తడిపి, వేళ్ళతో చిక్కు తీసి, దువ్వెన తగలకుండా ఆరబెట్టేది. ఎనిమిదేళ్ళ వయసులో ఆ పిల్ల వచ్చిన ఆడవాళ్ళకి పెద్ద ఆరిందాలా చెప్పేది: "టెస్టు పాయ మెడ వెనకనుంచే తీయాలండీ. మనిషిని పరీక్షించకూడదు."

ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళు వచ్చిన ఏడాది, ఒక మంగళవారం మధ్యాహ్నం, లెక్చరర్ తనంతట తాను పార్లర్ గుమ్మం ఎక్కింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. వెనకే కూతురు, తల వంచుకుని, స్కార్ఫు బిగించి కట్టుకుని.

"దీనికి గురువారం ఇంటర్వ్యూ," అంది లెక్చరర్, కూర్చోకుండానే. "పెద్ద హోటల్లో రిసెప్షన్ దగ్గర ఉద్యోగం. ఈ తుప్ప వేసుకుని వెళ్తే ఎవరిస్తారు? లోషన్ పెట్టి మొత్తం సాపు చెయ్యి. నాకు ఎల్లుండికల్లా కావాలి."

"ఉంగరాలుంటే ఉద్యోగం ఇవ్వరా అక్కా?"

"అడిగింది చెయ్యమ్మాయ్. ఉపన్యాసాలు నేను రోజూ ఇస్తాను, వినక్కర్లేదు."

క్లిప్పులమ్మ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి స్కార్ఫు విప్పింది. కుదుళ్ళ దగ్గర ఒకటిన్నర అంగుళం మేర తనెరిగిన ఉంగరాలు. అక్కణ్ణుంచి కిందికి బిర్రబిగిసిన గడ్డి. చెవి వెనక జుట్టు తప్పించి చూస్తే చర్మం కాలి మానిన మచ్చ, అర్ధ రూపాయంత.

"ఇదేమిటి?"

"ఇస్త్రీ పెట్టె తగిలింది," అంది లెక్చరర్. పిల్ల అద్దంలోకి చూడలేదు, ఒళ్ళో చేతుల్ని చూసుకుంది.

క్లిప్పులమ్మ నీళ్ళ సీసా తీసుకుని తలంతా తడిపింది. కుదుళ్ళ దగ్గర ఉంగరాలు ముడుచుకున్నాయి. కిందిది కదల్లేదు. నీళ్ళు కారుతూ, అలాగే సాపుగా వేలాడింది. మెడ పట్టీకున్న మొదటి క్లిప్పు చేతిలోకి వచ్చింది.

"ఇస్త్రీ సాపైతే నీళ్ళకి పోవాలి కదక్కా. తడి తగిలితే వదిలే పట్టు అది. మీరే కదా పాఠం చెప్పేది."

లెక్చరర్ మొహం మాడిపోయింది. అబద్ధం దొరికిపోయిందని కాదు, ఎవరి చేతిలో దొరికిపోయిందో అని. తర్వాత, "సరే, క్రీము రాశాను. మూడు నెలలైంది. డబ్బా మీద రాసింది చదివే రాశాను, నేనేమీ అక్షరం ముక్క రానిదాన్ని కాదు. నా తలకీ అదే రోజు అదే రాసుకున్నాను. చెరి సగం," అంది.

అప్పుడు చూసింది క్లిప్పులమ్మ. నున్నగా వెనక్కి దువ్వి బిగించిన ఆ ముడి కింద, కుదుళ్ళ దగ్గర, సన్నగా తిరిగిన నెరిసిన ఉంగరాలు. ఇంతకాలం ఆ ఇంట్లో ఉంగరాల జుట్టు మామగారి వంశానిదేనని తిట్టిపోసిన మనిషి. ఆవిడకీ ఉంది, దాచుకుంది.

"కాస్టిక్ రాసిన జుట్టు మీద లోషన్ పెట్టను," అంది క్లిప్పులమ్మ. రెండో క్లిప్పు. "తెగి చేతిలోకొస్తుంది."

"ఎందుకు తెగుతుంది? కారణం చెప్పు. లోషన్ డైసల్ఫైడ్ బంధాన్ని విడదీస్తుంది, పెరాక్సైడ్ మళ్ళీ కలుపుతుంది. ముందుకీ వెనక్కీ నడిచే చర్య. ముప్ఫై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను. ఇందులో తెగడానికి ఏముంది?"

"విడదీయడానికి గంధకం వంతెనుంటే కదక్కా. క్రీము ఒక గంధకాన్ని తీసుకెళ్ళిపోయింది. మిగిలిన నాలుగు వంతెనల మీదే ఆ జుట్టు నిలబడుంది. వాటినీ విప్పితే ఇంక దేన్ని పట్టుకుంటుంది?"

"ఏ పుస్తకంలో ఉంది?"

ఏ పుస్తకంలో ఉందో క్లిప్పులమ్మకి తెలియదు. మాస్టరమ్మ పోయి పదేళ్ళయింది. ఉన్నది బల్ల మీద క్లిప్పుల గొలుసు, నెత్తి మీద మొట్టికాయ. మొహంలో ఆ తడబాటు లెక్చరర్‌కి చాలు. పెదవి విరిచింది.

"తెల్లకాగితం ఇచ్చి వచ్చినదానివి, నాకు ప్రోటీన్ నేర్పుతావా? నీ చేత కాకపోతే చెప్పు. లోషన్ సీసా ఏ కొట్లోనైనా దొరుకుతుంది. సాయంత్రం ఇంట్లో నేనే పెడతాను."

లెక్చరర్ బెదిరింపుకి అనే మనిషి కాదు. అంటే చేస్తుంది. క్రీము చేసింది, లోషన్ చేయదా? కుర్చీలో పిల్ల అద్దంలోంచి పిన్ని కళ్ళలోకి చూసింది. తల్లికి ఎదురు చెప్పడం ఆ పిల్లకి ఎప్పుడూ రాలేదు, ఆ ఇంట్లో ఎవరికి వచ్చింది గనక. గురువారం నాటికి ఆ తల మీద ఏమీ మిగలదు. క్లిప్పులమ్మకి అది కళ్ళకి కట్టినట్టు కనిపించింది. బతిమాలితే వినదు, అరిస్తే వినదు. కళ్ళతో చూస్తే వింటుందేమో.

"అదే డబ్బా, అదే రోజు అన్నారు కదా," అంది. "అయితే పిల్లది ఎందుకు, మీ పాయ మీదే చూద్దాం. మీరు చెప్పినట్టు జరిగితే ఇప్పుడే పిల్లకి పెట్టేస్తాను. జరగకపోతే దాని తల మీద మీరు చెయ్యి వేయకూడదు."

"వెయ్యను. పెట్టు," అంది లెక్చరర్. పక్క కుర్చీలో కూర్చుని ముడి విప్పింది. జుట్టు భుజాల కిందికి జారింది. "ఎక్కడైనా తీసుకో. నాకేం భయం లేదు."

దువ్వెన క్లిప్పులమ్మ చేతిలో ఉంది. కుర్చీ వెనకే నిలబడి ఉంది. మెడ వెనక కింది వరస ఎదురుగానే ఉంది, చెయ్యి చాపితే చాలు. వేల తలలకి అక్కణ్ణుంచే తీసిన చెయ్యి. ఆమె కుర్చీ చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. నుదుటి పైన, సరిగ్గా మధ్యలో, బొటనవేలంత మందాన ఒక పాయ విడదీసి, మిగతా జుట్టునంతా వెనక్కి తీసి క్లిప్పులు పెట్టింది. ఏడు క్లిప్పులూ పెట్టేసింది, మెడ పట్టీ బోసిపోయింది.

లోషన్ పూసి గోడ గడియారం చూసింది. పన్నెండు నిమిషాల పని. గదిలో కుళ్ళిన గుడ్డు వాసన అలుముకుంది. లెక్చరర్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కూతురికి పాఠం చెప్తూనే ఉంది, ఎలక్ట్రాన్లు ఎటు పోతాయో, ఏది ఆక్సీకరణమో. అయిదో నిమిషంలో క్లిప్పులమ్మ పాయని రెండు వేళ్ళతో తాకింది. జారింది. తడిసిన సబ్బుముక్క తగిలినట్టు మెత్తగా, బంకగా. అక్కడే కడిగేస్తే సగమైనా దక్కేది, పరీక్ష ఫలితం మాత్రం అదే. మాస్టరమ్మ అయితే ఆ క్షణానే కడిగేసేది. క్లిప్పులమ్మ వేళ్ళు తుడుచుకుని, చేతులు కట్టుకుని, గడియారంలో ముల్లు తిరగడం చూస్తూ నిలబడింది. ఇంకో ఏడు నిమిషాలు. ఇరవై ఏళ్ళ కుర్చీ జరుపుళ్ళన్నీ ఆ ఏడు నిమిషాల్లో వరసగా గుర్తొచ్చాయి. ఆమెకి హాయిగా కూడా అనిపించింది. అబద్ధమెందుకు, చాలా హాయిగా అనిపించింది.

పన్నెండో నిమిషంలో గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, పాయ కింద దువ్వెన పెట్టి లాగింది. లాగిందనడానికి కూడా లేదు. జుట్టు సాగింది, సాగి తిరిగి వెళ్ళలేదు, దువ్వెనతో పాటు వచ్చేసింది. మూరెడు పొడుగు పాయ, తడి తడిగా, దువ్వెన పళ్ళకి వేలాడింది. నుదుటి మీద క్రీము తగలకుండా పెరిగిన ఒకటిన్నర అంగుళం మాత్రం నిలిచింది. గట్టిగా, ఉంగరం తిరిగి, చిన్న నెరిసిన కుచ్చులా నిక్కపొడుచుకుని.

క్లిప్పులమ్మ దువ్వెనని లెక్చరర్ ఒళ్ళో పెట్టింది. "ఇదక్కా నా తెల్లకాగితం," అంది.

లెక్చరర్ అద్దంలో చూసుకుంది. కుచ్చుని అరచేత్తో అణిచింది. తీయగానే లేచింది. మళ్ళీ అణిచింది. ఆవిడ నోటినుంచి మాట రాకపోవడం ఆ కుటుంబంలో ఎవరూ చూసి ఎరగరు, చూసిన ఆ ఒక్కరోజూ అది చూడ్డానికి బావులేదు. రేపు పొద్దున్న అరవై మంది పిల్లల ముందు బోర్డు దగ్గర నిలబడాలి ఆవిడ. తలలోంచి క్లిప్పులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, కూతురి స్కార్ఫు తను కట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. మాట మాత్రం తప్పలేదు. ఆ పిల్ల తల మీద మళ్ళీ చెయ్యి వేయలేదు.

కొట్లో ఇద్దరే మిగిలారు. క్లిప్పులమ్మ ఉత్సాహంగా కత్తెర అందుకుంది. "రా తల్లీ, ఆ గడ్డంతా కత్తిరించేస్తాను. పొట్టిగా, నీ ఉంగరాలతోనే వెళ్దువుగాని గురువారం. రాణిలా ఉంటావు."

పిల్ల కుర్చీలోంచి లేచింది. దువ్వెనకి వేలాడుతున్న పాయని చూస్తూ అడిగింది. "వెనకనుంచి తీసినా తెలిసేది కదా పిన్నీ?"

"మీ అమ్మే అంది కదే, ఎక్కడైనా తీసుకోమని."

"అమ్మకి తెలియదు. నీకు తెలుసు." అంది పిల్ల. "అయిదు నిమిషాలకే చెయ్యి పెట్టి చూశావు. నేను నీ మొహమే చూస్తున్నాను. నాకోసం చేస్తున్నావనుకున్నాను."

"నీకోసమే చేశానే. నీ జుట్టు దక్కింది కదా."

"దక్కింది," అంది పిల్ల. "అమ్మ దగ్గరికి వెళ్తాను." తడి జుట్టుతోనే, తల మీద ఏ గుడ్డా లేకుండా, వీధిలోకి వెళ్ళిపోయింది.

ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి క్లిప్పులమ్మకి మొగుడి ద్వారా తెలిసింది. లెక్చరర్ నాలుగు నెలలు తలకి స్కార్ఫుతో పాఠాలు చెప్పింది. ఇప్పుడు ఇంట్లో ప్రోటీన్ హాస్యం లేదు, కుర్చీ జరపడం లేదు, అసలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే లేదు. గెలిచావు కదా అని జిరాక్స్ కొట్టు ఆవిడ అంటే, క్లిప్పులమ్మ క్లిప్పు తీసి నొక్కింది.

మొన్నొక మధ్యాహ్నం ఆ పిల్ల కొట్టు ముందునుంచి నడిచి వెళ్ళింది. పొట్టి ఉంగరాల జుట్టు, ఎండలో మెరుస్తూ. ఎడమవైపు అర అంగుళం పొడుగు వదిలేశారు. ఎవరు కత్తిరించారో గానీ ఉంగరాల జుట్టుని తడిమీద కొలిచి కత్తిరించారు, ఆరాక ఎంత పైకి ముడుచుకుంటుందో చూసుకోలేదు. క్లిప్పులమ్మ కత్తెర పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. పిల్ల ఆమెని చూసింది, ఆగకుండా వెళ్ళిపోయింది. సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టదు. పిలవడానికి మాత్రం క్లిప్పులమ్మకి నోరు రాలేదు.